పువ్వుకీ కావాలి ఓ లైట్‌మన్!

సినిమా చూసి హాలు బయటికి వచ్చాక మనం దేని గురించి మాట్లాడుకుంటాం? హీరోయిన్ ఎంత బాగుందో మాట్లాడుకుంటాం. ఆమె చీర గురించి, నవ్వు గురించి, ఆ రెండో పాటలో వేసిన స్టెప్పుల గురించి టీ కొట్టు దగ్గర అరగంట చర్చ! కానీ ఆ ముఖం మీద పడిన వెలుగు ఎవరి చలవ అని ఎవరైనా అడిగారా? అడగరు. అడగక్కర్లేదు కూడా. వెలుగు కనబడకుండా ముఖం కనబడితేనే మా పని బాగున్నట్టు లెక్క.

"మా పని" అన్నాను కదూ! అవునండీ, నేను లైట్‌మన్‌ని. సినిమా అయిపోయి, మీరు సీటు కింద చెప్పులు వెతుక్కునే వేళ తెర మీద గబగబా పైకి పోయే పేర్లలో నాదీ ఒకటి. స్టాండ్లు మోయడం, కేబుళ్ళు లాగడం, "ఇంకాస్త కిందికి, ఇంకాస్త ఎడమకి" అంటే జరపడం... ఇదే పద్ధెనిమిదేళ్ళుగా నా బతుకు.

ఈ వారం మీకు చెప్పబోయేది ఏ తార ముచ్చటా కాదు. ఒక పూలమొక్క ముచ్చట. అప్పుడే పేజీ తిప్పకండి! ఈ మొక్కకీ అందం ఉంది, అలక ఉంది. లైటింగు నచ్చకపోతే మేకప్ రూము దాటి రానని మొండికేసే గుణం కూడా ఉంది.

దాని పేరు ఆంథూరియం. పెళ్ళి వేదికల మీద, హోటళ్ళ ముందు బల్లల మీద మీరు చూసే ఉంటారు. లక్క పూసినట్టు నిగనిగలాడే ఎర్రటి గుండె ఆకారం, దాని మధ్య నిలబడ్డ పసుపుపచ్చ కండె. ప్లాస్టిక్ పువ్వేమో అని చాలామంది గోటితో గిల్లి చూస్తారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొలంబియా, ఈక్వడార్ దేశాల తడి అడవులు. 1876లో ఎదువార్ ఆంద్రే అనే ఫ్రెంచి ఉద్యానవేత్త కొలంబియాలో సేకరించి యూరప్‌కి పంపితే, ఆయన పేరే దాని శాస్త్రీయ నామంలో కలిసింది. 1889లో హవాయి దీవులకి చేరి, అక్కడ పెద్ద పూల వ్యాపారమే అయి కూర్చుంది.

ఇంత విదేశీ తార అనుకుంటున్నారా? చుట్టరికం వింటే నవ్వుతారు. మన కంద, మన చేమ... వాటి కుటుంబమే ఇది! చేమదుంప సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది చూడండి, ఆ దురద పుట్టించే సూదుల్లాంటి స్ఫటికాలు ఈ అందగత్తెలోనూ ఉన్నాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే అందకుండా పెట్టాలి.

ఇంకో రహస్యం. మనం పువ్వు అనుకునే ఆ ఎర్రటి భాగం పువ్వే కాదు. రంగు మారిన ఆకు! అసలు పువ్వులు ఆ కండె మీద చుక్కల్లా, కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. అంటే మన చప్పట్లన్నీ కాస్ట్యూముకి! అసలు నటీనటులు గుంపులో కనబడకుండా పనిచేసుకుంటున్నారన్నమాట. అందుకేనేమో, నాకీ మొక్క మీద తొలిచూపులోనే అభిమానం పుట్టింది.

ఇది మా ఇంటికి మా అమ్మ చేతిలో వచ్చింది. అమ్మది కడియం పక్కన పల్లె. కడియం, కడియపులంక అంటే తెలుగుదేశమంతా తెలిసిన నర్సరీల సీమ కదా! అమ్మ ముప్ఫై ఏళ్ళు అక్కడ నర్సరీ కూలికి వెళ్ళింది. కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, పచ్చ నెట్టు కింద వంగి నీళ్ళు పెట్టడం. 2021లో నాన్న పోయాడు. 2022 సంక్రాంతి వెళ్ళగానే అమ్మని కృష్ణానగర్‌లోని మా అద్దె ఇంటికి తీసుకొచ్చాను. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒడిలో ఈ ఆంథూరియం కుండీ. రైల్లో రాత్రంతా కుండీని పట్టుకునే కూర్చుంది.

మాది మూడో అంతస్తు. ఒక హాలు, ఒక గది, ఓ వంటిల్లు. హాలుకి పడమటి వైపు కిటికీ. అమ్మ లోపలికి రాగానే ఇల్లంతా ఒకసారి చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"ఒరే అబ్బాయ్, దీనికి వెలుగెక్కడ్రా?" అంది.

పద్ధెనిమిదేళ్ళుగా వెలుగు మోసేవాణ్ణి నేను. ఆ ప్రశ్న నన్నే అడగాలా!

ఇక్కడ మీకు మా వృత్తి మర్మం ఒకటి చెప్పాలి. వెలుగు విషయంలో మనిషి కన్నుని అస్సలు నమ్మకూడదు. కంటిపాప చీకట్లో పెద్దదవుతుంది, ఎండలో చిన్నదవుతుంది. లోపల మెదడు కూడా సర్దుకుపోతుంది. అందుకే ట్యూబులైటు వేసిన గది మనకి "బోలెడు వెలుగు"గా కనిపిస్తుంది. కానీ మీటరు పెట్టి చూడండి. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు ఉంటే, ట్యూబులైటు గది నూరో, రెండు వందలో చూపిస్తుంది. ఐదు వందల రెట్లు తేడా! మన కన్ను మొహమాటస్తుడు. సర్దుకుపోతుంది. మొక్కకి ఆ మొహమాటం లేదు. వెలుగే దాని భోజనం. నూరు లక్సులు పెట్టి "సర్దుకో అమ్మా" అంటే అది సర్దుకోదు.

ఆంథూరియం అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి. కాబట్టి నేరుగా ఎండ తగిలితే ఆకు మాడి గోధుమరంగు మచ్చలు పడతాయి. అలాగని చీకటీ పనికిరాదు. నర్సరీల్లో ఎండని మూడు వంతులు ఆపే నెట్టు కట్టి, పదిహేను నుంచి ఇరవై అయిదు వేల లక్సుల దాకా అందిస్తారు. ఇంట్లో వెయ్యీ రెండు వేల లక్సులకి అది బతుకుతుంది. బతకడం వేరు, పూయడం వేరు! పూయాలంటే రోజులో చాలా గంటలు నాలుగైదు వేలకి తగ్గకూడదు.

దీని పూత లెక్క కూడా చిత్రమైనదే. దీనికి శీతాకాలం, వేసవి అని ఒక సీజనంటూ లేదు. పెద్దదైన మొక్కకి ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో మొగ్గ పెట్టే ఏర్పాటుంది. ఆకుకో పువ్వు! వెలుగు చాలితే ఆ మొగ్గ పైకి వస్తుంది, వచ్చిన పువ్వు ఆరు వారాల నుంచి రెండు నెలలు నిలుస్తుంది. వెలుగు చాలకపోతే మొగ్గ లోపలే ఎండిపోతుంది. మనకి కనబడదు కూడా. మొక్క పచ్చగానే ఉంటుంది, "బాగానే ఉంది కదా" అనుకుంటాం.

సరే, నేను మీటరు తెచ్చాను. షూటింగుల్లో కెమెరా డిపార్టుమెంటు వాళ్ళు వాడేదే, నాలుగు రోజులకి అరువు. (మీకు మీటరు లేకపోతే ఫోనులో లక్సు కొలిచే యాప్ ఉంటుంది. కచ్చితంగా చెప్పదుగానీ, ఈ మూలకీ ఆ మూలకీ తేడా చూపిస్తుంది.) సెట్టు మీద కొలిచినట్టే ఇల్లంతా అడుగడుగునా కొలిచాను. ఉదయం పదింటికి కిటికీ గట్టు మీద రెండు వేల ఐదు వందలు. అక్కణ్ణుంచి నాలుగడుగులు లోపలికి వస్తే ఆరు వందలు. అమ్మ మంచం దగ్గర డెబ్బై!

"మొక్క సంగతి సరే. నాకెంత వచ్చిందిరా?" అని నవ్వింది అమ్మ.

"డెబ్బై, అమ్మా."

"నూటికా?"

నేను జవాబు చెప్పలేదు.

కిటికీ గట్టు ఖాయమైంది. కానీ పడమటి కిటికీ కదండీ! మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా వచ్చి గుచ్చుతుంది. సెట్టు మీదైతే హీరోయిన్ ముఖానికీ లైటుకీ మధ్య స్కిమ్మర్ కడతాం. చట్రానికి బిగించిన పల్చటి తెల్లగుడ్డ అది. గుడ్డ గుండా వచ్చిన వెలుగు మెత్తబడి, నాలుగు వైపులా పరుచుకుంటుంది. నీడలు కత్తిలా ఉండవు.

ఈ తెల్లగుడ్డ మహిమ చిన్నది కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రే "అపరాజితో"కి ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రో. కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టు వేశారు. నిజం ముంగిలిలో పైనుంచి ఆకాశపు వెలుగు మెత్తగా దిగుతుంది, స్టూడియో లైట్లేమో గాటుగా నీడలు పుట్టిస్తాయి. ఆయన సెట్టు పైన తెల్లగుడ్డ పరిపించి, లైట్లని ముఖాల మీదకి కాకుండా ఆ గుడ్డ మీదకి తిప్పారు. గుడ్డని కొట్టి తిరిగి కిందికి దిగిన వెలుగు అచ్చం ఆకాశపు వెలుగే! మా వృత్తిలో వాళ్ళం ఈనాటికీ ఆ పద్ధతికి దణ్ణం పెట్టుకుంటాం.

మా ఇంట్లో తెల్లగుడ్డ ఏముంది? అమ్మే ట్రంకు తెరిచింది. అడుగున నాన్న పంచె. ఉతికి ఉతికి పల్చబడిన నేత పంచె. "దీన్ని దాచి ఏం చేసుకుంటాన్రా, కట్టు" అంది. కిటికీకి అడ్డంగా కట్టాను. నాలుగు గంటల ఎండ ఆ పంచెని దాటి లోపలికొచ్చేసరికి పన్నెండు వేల లక్సులకి దిగింది. మెత్తగా, పాలలా. ఆ వెలుగులో అమ్మ చాలాసేపు నిలబడింది. నేను మీటరు జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రెండున్నర నెలలకి మొదటి పువ్వు వచ్చింది. తరవాత ఇంకోటి. 2023 వేసవికి ఒకేసారి ఐదు పువ్వులు! అమ్మ కూడా మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. పక్కింటి వాళ్ళు, కింద ఇస్త్రీ బండి ఆయన భార్య, అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ఊరు విడిచాక అమ్మకి మాట్లాడే మనుషులు దొరికింది ఆ పువ్వుల వల్లే.

ఇక్కడ దిక్కుల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. విదేశీ పుస్తకాల్లో "దక్షిణపు కిటికీకి వెలుగెక్కువ, ఉత్తరపు కిటికీకి ఎండే రాదు" అని రాస్తారు. అది వాళ్ళ చలిదేశాల లెక్క. హైదరాబాదు భూమధ్యరేఖకి ఉత్తరాన పదిహేడు డిగ్రీల మీద ఉంది. మే రెండో వారం మొదట్లో సూర్యుడు మన నడినెత్తిన నిలుస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే ఆ రోజుల్లో మన ఉత్తరపు కిటికీకీ పొద్దుటా సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. డిసెంబరులో దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా పాకుతుంది. ఈ మొక్కకి అన్నిటికంటే మేలైనది తూర్పు. పొద్దుటి లేత ఎండ గంటా రెండు గంటలు, ఆ తరవాత రోజంతా నీడ వెలుగు. ఇది పుస్తకం మాట కాదు, అమ్మ మాట. నేను మీటరు పెట్టి సరిచూశాను, అంతే.

ఇంటర్వెల్ దాకా కథ ఇలా సాఫీగా నడిచిందా... ఇప్పుడు విలన్ వచ్చాడు.

2024 మొదట్లో మా కిటికీ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో పునాది తవ్వారు. ఎవరి స్థలం వారిది, ఎవరి ఇల్లు వారు కట్టుకుంటారు. తప్పు పట్టడానికి లేదు. మొదటి స్లాబు, రెండో స్లాబు... మూడో స్లాబు పడిన నెల నేను మళ్ళీ మీటరు పెట్టాను. గట్టు మీద తొమ్మిది వందలు. నాలుగో స్లాబు పడి గోడలు లేచాక రెండు వందల పది! కిటికీకి ఐదడుగుల దూరంలో సిమెంటు రంగు గోడ. నాన్న పంచె కట్టి లాభం లేదు, ఆపడానికి ఎండే లేదు. విప్పి మడత పెట్టాను.

మొక్క ఏం చేసిందో చెప్తాను, మీ ఇంట్లో గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ముందు కొత్త ఆకుల కాడలు పొడుగ్గా సాగాయి, వెలుగు కోసం మెడ చాచినట్టు. మొక్కంతా కిటికీ వైపు ఒరిగింది. ఆకులు ముదురు ఆకుపచ్చకి తిరిగాయి. చూసేవాళ్ళకి "అబ్బ, ఎంత పచ్చగా ఉంది!" అనిపించే పచ్చదనం. నిజానికది ఆకలి. తరవాత పువ్వు చిన్నదైంది. ఆ తరవాత రానేలేదు.

అమ్మ ఏం చేసిందో కూడా చెప్పాలి. పగలు కునుకు తీయడం మొదలెట్టింది. రాత్రి నిద్రపట్టేది కాదు. "పొద్దెక్కిందో లేదో ఈ ఇంట్లో ఎలా తెలుస్తాదిరా?" అనేది. మేడ మీదకి వెళ్దామంటే ఇంటి ఓనరు గారు తాళం వేసి ఉంచేవారు. ఆస్పత్రిలో డాక్టరు గారు బీపీ, షుగరు అన్నీ చూసి, "పొద్దుటిపూట కాసేపు బయటి వెలుతురులో కూర్చోబెట్టండి. మనిషికి నిద్ర గడియారం తిప్పేది పొద్దుటి వెలుగే" అన్నారు. నేను షూటింగుకి తెల్లవారుజామునే పోతాను. మూడంతస్తులు మెట్లు దింపి అమ్మని కూర్చోబెట్టేదెవరు?

దసరాకి ముందు అమ్మ నెమ్మదిగా అంది: "నన్ను ఊళ్ళో దింపేయ్‌రా. నువ్వు బాగానే చూస్తున్నావు. ఇక్కడ వెలుగు లేదు, అంతే."

ఊళ్ళో ఎవరున్నారు? తాళం వేసిన పెంకుటిల్లు ఉంది.

నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. 1959లో వచ్చిన గురుదత్ "కాగజ్ కే ఫూల్"లో ఖాళీ స్టూడియోలో పైనుంచి ఏటవాలుగా దిగే ఆ వెలుగు స్తంభం గుర్తుందా? (కాగితపు పూలు అని కదా పేరు!) వి.కె.మూర్తి గారు పెద్ద అద్దాలు పెట్టి బయటి ఎండని ఫ్లోరులోకి మళ్ళించి సృష్టించిన అద్భుతం అది. ఛాయాగ్రాహకుల్లో మొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనదే, 2008 సంవత్సరానికి. నేనూ అద్దం పట్టి చూశాను. ఎండ పడే చోటు ఏదైనా ఉంటేనే కదా అద్దం మళ్ళించేది! మొక్క వెనక థర్మాకోల్ అట్ట పెడితే ఓ అరవై లక్సులు పెరిగాయి.

చివరికి ఎల్‌ఇడి దీపం కొన్నాను. ఇరవై వాట్లది, తెల్లటి వెలుగు. మొక్క నెత్తికి అడుగు ఎత్తున వేలాడదీశాను. అక్కడ దాదాపు ఐదు వేల లక్సులు. రెండడుగుల ఎత్తుకి జరిపితే పన్నెండు వందలే! దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదండీ, పావు వంతవుతుంది. ఇది సెట్టు మీద మేం రోజూ చూసే సూత్రమే. ఎండలో సగం కూడా లేని వెలుగు కాబట్టి ఎక్కువసేపు ఇవ్వాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు. రాత్రి తప్పకుండా ఆర్పేయాలి. కరెంటు లెక్కంటారా? నెలకి ఏడు యూనిట్ల పైచిలుకు, అంతే.

మూడు నెలల్లో మొగ్గ కనిపించింది. నా ఆనందానికి హద్దు లేదు! "చూశావా అమ్మా, గెలిచాం" అన్నాను.

అమ్మ మొగ్గని చూసింది. దీపాన్ని చూసింది. "దానికి దీపం చాలుతుందిరా. అది ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నేను దీపం కింద కూర్చుని ఏం పూస్తాన్రా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

నేను ఆ రాత్రి కాగితం మీద లెక్కలు వేశాను. రెండు వీధుల అవతల ఒక ఇల్లు ఖాళీగా ఉంది. మొదటి అంతస్తు. తూర్పున చిన్న బాల్కనీ, ఎదురుగా చిన్న గుడి కాబట్టి అడ్డంగా మేడ లేవదు. హాలు మాత్రం మా దానికంటే చిన్నది. అద్దె నెలకి మూడు వేల ఐదు వందలు ఎక్కువ. షూటింగులున్న నెల ఫర్వాలేదు, లేని నెల? బండి కొందామని దాచుకున్న డబ్బుంది. బండి ఉంటే తెల్లవారుజాము కాల్‌షీటుకి ఆటో ఖర్చు తప్పుతుంది. బండా, బాల్కనీయా?

ఇద్దరి వైపూ న్యాయం ఉంది. అమ్మ వింటే "బండే కొనుక్కో" అంటుందని తెలుసు. అందుకే వినిపించలేదు. అడ్వాన్సు ఇచ్చేసి వచ్చి చెప్పాను. ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం, "కుండీని నేనే పట్టుకొస్తాను, ఆ ట్రాలీలో వేయకు" అంది. ఒప్పుకున్నట్టే!

ఇప్పుడు పొద్దుటి ఎండ ఏడింటికి బాల్కనీలో దిగుతుంది. తొమ్మిదయ్యేసరికి తప్పుకుంటుంది. ఆ తరవాత సాయంత్రం దాకా నాలుగైదు వేలకి తగ్గని నీడ వెలుగు. వేసవిలో మాత్రం పచ్చ నెట్టు ఒక వరస కడతాం. ఆ రెండు గంటలూ అమ్మ ముక్కాలిపీట వేసుకుని అక్కడే. గుడికొచ్చే వాళ్ళు పైకి చూసి పలకరిస్తారు. నిద్ర పూర్తిగా కుదుటపడిందని అనను, మునుపటికంటే మేలు. పండక్కి ఊరెళ్ళింది, పది రోజులుండి తనే తిరిగొచ్చింది. నేను ఇప్పటికీ ఆటోలోనే షూటింగుకి పోతున్నాను.

ఇంతకీ మీకు చెప్పొచ్చేది ఇదీ. పూలమొక్క కొనేముందు మీ ఇంట్లో వెలుగు ఎక్కడుందో చూసుకోండి. మధ్యాహ్నం మొక్క పెట్టదలిచిన చోట తెల్లకాగితం పరిచి, దాని మీద జానెడు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ కత్తిరించినట్టు పడితే ఎండ ఎక్కువ, తెల్లగుడ్డ కట్టండి. అంచులు మెత్తబడిన నీడ కనిపిస్తే అదే సరైన చోటు. నీడే కనిపించకపోతే అక్కడ పువ్వు రాదు, దీపమైనా పెట్టాలి, చోటైనా మార్చాలి. కాడలు సాగుతున్నాయా, ఒరుగుతున్నాయా, చూస్తూ ఉండండి. పచ్చగా ఉంది కదా అని మోసపోకండి.

ఆ కాగితం చేతిలో ఉండగానే ఇంకో పని చేయండి. మీ ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో రోజంతా కూర్చునే మూల ఒకటి ఉంటుంది. అక్కడా ఒకసారి పరిచి చూడండి. వాళ్ళు కూడా సర్దుకుపోయే మనుషులే. "బాగానే ఉంది నాయనా" అంటారు. వాళ్ళ మాట కాదు, ఆ కాగితం మీది నీడని నమ్మండి!